ఆగకుండా చదివే బడి

"అంటే ఏటి పంతులమ్మా?"

"మళ్ళీ మొదలెట్టావా సింహాద్రీ! చదివేటప్పుడు ఆగకూడదని చెప్పానా, లేదా?"

"నేను ఆగలేదమ్మా. ఆ మాట దగ్గర కాలు ఇరుక్కుపోయింది."

బడి బడంతా గొల్లుమంది. మేకపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నవ్వాయి. కోడిపిల్లలకి ఎందుకు నవ్వుతున్నారో తెలీదు, అయినా అవి కూడా కిచకిచమని నవ్వేశాయి.

మీరు సరిగ్గా వేళకే వచ్చారు. ఆ కుడితి తొట్టి పక్కన కాస్త చోటుంది, కూచోండి. ఇది బస్టాండు వెనకాల గేదెల దొడ్డి. అదిగో పాక, పాక పక్కన గడ్డివాము, దాని పక్కన సున్నం కొట్టిన పాత గోడ. ఆ తెల్లగోడే వీళ్ళకి నల్లబల్ల. ముక్కున బొగ్గుముక్క పట్టుకుని గోడ ముందు ఎగురుతూ దిగుతూ రాస్తోందే, ఆవిడే గోరింక పంతులమ్మ. ఇప్పుడు కాలు ఇరుక్కుందన్నవాడు సింహాద్రి. పేరుకే సింహం. ఒంటి మీద రాగిరంగు బొచ్చు ఇంకా పోని గేదెదూడ.

ఆ పూట గోడ మీద పాఠం ఇది: "వర్షాభావము వలన పంటలు ఎండిపోయినవి."

"వర్షాభావం అంటే వర్షాభావమే. అందులో తెలియకపోడానికి ఏటుంది?" అంది పంతులమ్మ.

"వర్షం అయితే తెలుసమ్మా. వర్షం పడితే పంట పచ్చగా ఉండాలి కదా? ఎండిపోయిందని రాశారేటి మరి?"

గోరింక కళ్ళ చుట్టూ ఉన్న పసుపు ఇంకా పచ్చబడింది. జవాబు లేనప్పుడల్లా ఆవిడకి అలాగే అవుతుంది.

"ఎక్కువ మాటాడకు. వెనక్కెళ్ళి పేడకుప్ప పక్కన కూచో. నూకరాజూ, నువ్వు లేవరా నాయనా. నువ్వు చదువు!"

నూకరాజు అంటే రవణమ్మ అనే కోడి పిల్లల్లో పెద్దవాడు. గుప్పెడంత ఉంటాడు, గొంతు మాత్రం బస్టాండు మైకంత. వాడు ఛాతీ ముందుకు పెట్టి, కళ్ళు మూసి తెరిచేలోగా ఆ ముక్క మొత్తం చదివి పారేశాడు. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. రవణమ్మ గర్వంతో రెక్కలు దులుపుకుంది. "మా వాడికి ఏ మాటా అడ్డం రాదు" అంది పక్కనున్న మేకతో, ఆ మేక అడక్కపోయినా.

పంతులమ్మకి చదువు ఎలా వచ్చిందో చెప్పాలి కదా. బస్టాండు అవతల పిల్లల స్కూలుంది. గోరింక ఆ స్కూలు కిటికీ చువ్వ మీద కూచుని నేర్చుకుంది. అక్కడ పొద్దున పూట పిల్లల చేత పైకి చదివించేవారు. మాటలకి అర్థాలు చెప్పడం భోజనాలయ్యాకే. ఈవిడేమో భోజనం గంట వినబడగానే కిటికీ వదిలేసి, మెతుకుల కోసం వంటపాక దగ్గరికి ఎగిరిపోయేది. కడుపు నిండాక సింహాద్రి వాళ్ళమ్మ, పైడమ్మ గేదె, వీపెక్కి ఓ కునుకు తీసేది. అలా పొద్దుటి చదువు మొత్తం వచ్చేసింది, మధ్యాహ్నం చదువు అస్సలు రాలేదు. అసలు మధ్యాహ్నం చదువంటూ ఒకటి ఉందని కూడా ఆవిడకి చాలాకాలం తెలీదు. తెలిసేటప్పటికి ఇక్కడ పంతులమ్మ అయిపోయింది. ఇప్పుడు ఎవరితో చెప్పుకుంటుంది?

సింహాద్రి "అంటే ఏటి?" అన్నప్పుడల్లా ఆవిడ గుండె ఓసారి జారేది. అందుకే వాడిని పేడకుప్ప దగ్గరికి పంపేది. వాడి మీద కోపం కాదు, పాపం. భయం.

నూకరాజు చదివి కూచున్నాడో లేదో, తడిక అవతల నుంచి ఒక దగ్గు వినబడింది. చాలా మర్యాదైన దగ్గు.

"లోపలికి రావచ్చునా?"

నక్క. కోళ్ళన్నీ ఒక్క ఎగురు ఎగిరి పైడమ్మ కాళ్ళ సందున దూరాయి. దొడ్డి కుక్క ఎర్రయ్య కూచున్నచోటే ఓ కన్ను తెరిచి గుర్రుమన్నాడు.

"భయపడకండి, భయపడకండి. నేను చదువుకున్నవాణ్ణి" అంది నక్క. "రిజిస్ట్రారాఫీసు వెనకాల ఉంటాను. దస్తావేజులు రాసేవాళ్ళ అరుగు కిందే నా కాపురం. నన్నక్కడ అందరూ రైటరుగారంటారు."

అందరూ అంటే ఎవరో ఎవరూ అడగలేదు. రైటరు అన్న మాట వినగానే దొడ్డంతా కొంచెం నిటారుగా నిలబడింది.

"మీ బడి గురించి విన్నాను" అంది నక్క. "ఇంత చదువుకున్న దొడ్డిలో కట్టుబాట్లు ఇంకా నోటిమాట మీద నడుస్తున్నాయా?"

"నోటిమాటేటండీ!" అన్నాడు అప్పన్న. దొడ్డికి పెద్ద తలకాయ ఈ మేకపోతే. గడ్డం నేలకి తగులుతుంది. "బడి పెట్టిన కాడి నుంచీ మాదంతా రాతే. ఏదైనా గోడ మీద రాస్తాం. బడిలో అందరికన్నా బాగా చదివేవాడు నలుగురిలో పైకి చదువుతాడు. పొద్దు గూకే లోపల ఎవరూ కాదనకపోతే అదే కట్టుబాటు. తొట్టి దగ్గర ఎవరు ముందు తాగాలన్నది కూడా అలా తేల్చుకున్నదే."

"ఆహా! అయితే నా విన్నపం కూడా ఆ గోడ మీదే రాసుకుంటాను" అంది నక్క.

గోరింక వెంటనే బొగ్గుముక్క అందించింది. నక్క వెనక కాళ్ళ మీద నిలబడి, వంకర్లు తిప్పుకుంటూ రాసింది:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు దొడ్డి యందలి కుక్కుట సంతతిని యావత్తూ, సంరక్షణార్థం, రైటరు గారి స్వాధీనము చేయడమైనది."

"ఓలమ్మ! ఎంత గొప్ప రాతో!" అంది రవణమ్మ.

"మీలో బాగా చదివేదెవరు?" అంది నక్క.

అందరూ నూకరాజు వైపు చూశారు. నూకరాజు అమ్మ వైపు చూశాడు. రవణమ్మ వాడి నెత్తి మీద ఈకలు ముక్కుతో సర్ది ముందుకి తోసింది. వాడు ఒక్క గుక్కలో చదివాడు. "ఇందుమూలముగా" దగ్గర ఎత్తిన గొంతు "చేయడమైనది" దాకా దించలేదు.

దొడ్డంతా మురిసిపోయింది. పైడమ్మ తోక ఊపింది. అప్పన్న గడ్డం ఆడించాడు. రవణమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"దుర్భరంగా చదివావు నాయనా, దుర్భరంగా!" అని నక్క వాడిని మెచ్చుకుంది.

అప్పుడు పేడకుప్ప పక్క నుంచి గొంతు వచ్చింది.

"కుక్కుటం అంటే ఏటి పంతులమ్మా?"

నక్క మీసం కదిలింది. గోరింకకి తెలీదు. అది మాత్రమే కాదు, ఆ రాతలో సగం మాటలు ఆవిడకి తెలీవు. కానీ రైటరుగారి ఎదురుగా ఎలా ఒప్పుకోవడం?

"నీకెన్నిసార్లు చెప్పాలి సింహాద్రీ!" అంది. "పెద్దలొచ్చినప్పుడు కూడానా? నోరు మూసుకో."

సింహాద్రి నోరు మూసుకున్నాడు.

"ఎవరికీ ఆక్షేపణ లేనట్టే. పొద్దు గూకాక వస్తాను" అని నక్క వంగి వంగి దండాలు పెట్టి, తడిక కింద నుంచి జారుకుంది. వెళ్తూ వెళ్తూ నూకరాజుని, వాడి తమ్ముళ్ళని, చెల్లెళ్ళని ఓసారి కలయజూసింది. ఆ చూపు గోరింక చూసింది. పళ్ళెంలో వడ్డించిన దాన్ని చూసే చూపది.

బడి వదిలేశారు. గోరింక పైడమ్మ వీపెక్కింది. రోజూ అయితే ఒక్క నిమిషంలో కునుకు పట్టేస్తుంది. ఇవాళ పట్టలేదు. అటు తిరిగి కూచుంది, ఇటు తిరిగి కూచుంది.

"ఏటమ్మా, ఏరుకోడానికి పిడుదులు లేవా ఇవాళ? ఊరికే తొక్కుతున్నావు" అంది పైడమ్మ నెమరేస్తూ.

"పైడమ్మా, మీ వాడిని అందరిలో అలా అనేశాను. కోపమొచ్చిందా?"

"నాకెందుకు కోపం. వాడే గడ్డి ముట్టలేదు. ఆ పాకలో మూల నిలబడ్డాడు."

గోరింక కిందకి దిగి పాకలోకి వెళ్ళింది. సింహాద్రి మూలనున్న ఖాళీ గోనెసంచుల వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుంది. ఏడవడం లేదు. చదువుకుంటున్నాడు.

"కు... క్కు... ట... దా... ణా" అన్నాడు గోనెసంచి మీద ముట్టె పెట్టి. "పంతులమ్మా, తిడతావేమో గానీ, రైటరుగారు రాసిన మాట ఇక్కడ కూడా ఉంది."

"తిట్టను. చెప్పు."

"దాణా అంటే నాకు తెలుసు. మా అమ్మ తింటాది. కుక్కుట దాణా అంటే, కుక్కుటం అనేది తినే దాణా అయ్యుంటాది కదా? ఇదిగో, సంచి మీద బొమ్మ ఎవరిదో చూడు."

గోరింక చూసింది. సంచి మధ్యలో, ఎర్ర తురాయితో, ఒంటికాలి మీద, కోడిపుంజు.

ఆవిడ ఒంటి మీద ఈకలన్నీ ఒకేసారి లేచాయి.

"రవణమ్మా!" అని కేక పెట్టింది. వెంటనే నోరు నొక్కుకుంది. ముందు మొత్తం తెలుసుకోవాలి. సగం తెలిసి చెప్తే ఇందాకటి తప్పే ఇంకోసారి చేసినట్టవుతుంది. బయట చూస్తే పొద్దు కొబ్బరిచెట్ల తలల దాకా దిగిపోయింది.

"అందరినీ గోడ దగ్గరికి పిలువు సింహాద్రీ. నువ్వు ముందు కూచో."

"నేనా? ముందా?"

"అవును, ముందే."

అందరూ వచ్చారు. మేకలు నములుతూ వచ్చాయి, కోళ్ళు గీరుతూ వచ్చాయి. ఎర్రయ్య వచ్చి తడిక దగ్గర పడుకున్నాడు. గోరింక గోడ మీద కూచుంది. రోజూ కూచునే చోటే.

"ఒక మాట చెప్పాలి" అంది. "మీరందరూ నన్ను పంతులమ్మా పంతులమ్మా అంటారు. నాకు చదవడం వచ్చు గానీ అర్థాలు రావు. ఈ రాతలో ఉన్న మాటలు నాకు తెలీవు. తెలీదని చెప్పడానికి సిగ్గేసి వాడి నోరు మూయించాను."

మేకలు నమలడం మానేశాయి.

"కుక్కుటం అంటే కోడి" అంది గోరింక.

రవణమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "మా గురించా రాశాడు? ఏటి రాశాడు?"

"అదే తేల్చాలి. ఒక్కదాన్నే తేల్చలేను. మీరెక్కడైనా విన్నారా, చూశారా, చెప్పండి. సంతతి. ఈ మాట ఎవరికైనా ఎదురైందా?"

"సంతతి తెలీదు గానీ, సంతానం తెలుసు" అన్నాడు అప్పన్న. "కల్యాణమండపం వెనకాల పడేసిన పెళ్ళికార్డులు చాలా నమిలాను. సత్సంతాన ప్రాప్తిరస్తు అని ఉంటాది. పిల్లలు పుట్టాలని."

"తాతా, నమిలినవాడివి చదివావా?" అంది ఓ మేకపిల్ల.

"ముందు చదివి తర్వాత నముల్తాను. పెద్దవాణ్ణి, ఆ మాత్రం పద్ధతి ఉండదేటి?"

"అయితే కుక్కుట సంతతి అంటే..." అంది రవణమ్మ. రెక్కలు వాటంతటవే విచ్చుకున్నాయి. పిల్లలు కిందకి దూరిపోయాయి.

"స్వాధీనం?" అంది గోరింక.

"అది నాకు తెలుసు" అంది పైడమ్మ. నెమరేయడం మానేసింది. "రోడ్డు మీద తిరిగే పశువుల్ని స్వాధీనం చేసుకుంటామని ఆటోకి మైకు కట్టి చెప్పుకుంటూ పోయారు. మర్నాడు మా కపిలావుని లారీ ఎక్కించారు. స్వాధీనం అంటే పట్టుకుపోవడమే తల్లీ. మా కపిల మళ్ళీ రాలేదు."

అంతే. గోడ మీద రాత అదే, బొగ్గు అదే. కానీ ఇప్పుడు దాన్ని చూసి మురిసేవాళ్ళు లేరు. ప్రతి మాటకీ ఒక మొహం వచ్చేసింది. ఒకటి కోడి మొహం, ఒకటి పిల్ల మొహం, ఒకటి తిరిగి రాని కపిలావు మొహం.

"నేనే చదివాను" అన్నాడు నూకరాజు రెక్క కింద నుంచి. "అమ్మా, మమ్మల్ని పట్టుకుపొమ్మని నేనే చదివానే!"

"నువ్వు కాదురా" అంది రవణమ్మ. తల పైకెత్తి గోరింక వైపు చూసింది. ఆ చూపు గోరింక చాలాకాలం మర్చిపోలేదు. "నా బిడ్డ చేత చదివించావు కదమ్మా. నువ్వు చదివించావు, నేను వాడిని ముందుకి తోశాను."

గోరింక తల దించుకుంది. "తప్పు నాదే రవణమ్మా. పొద్దు ఇంకా గూకలేదు."

"ఇందులో ఇంత ఏడుపెందుకు?" అన్నాడు అప్పన్న. "వాడు రాగానే కాదని ఒక్క మాటంటే పోలే?"

"ఇవాళ పోతాది తాతా. రేపు ఇంకో మాట రాస్తాడు. వాడి దగ్గర మాటలు బస్తాల్లో ఉన్నాయి" అన్నాడు సింహాద్రి.

అప్పుడు పైడమ్మ ఏదో గుర్తొచ్చినట్టు చెవులాడించింది. "అవునుగానీ, వాడు నూకరాజుని దుర్భరంగా చదివావు అన్నాడేటి? మా సింహాద్రి పుట్టినప్పుడు అడ్డం తిరిగితే పశువుల డాక్టరు నన్ను చూసి అదే మాటన్నాడు. 'పాపం, నొప్పి దుర్భరంగా ఉంది' అని. నూకరాజు అంత చెడ్డగా ఏం చదివాడు?"

గోరింక చటుక్కున తలెత్తింది. "మెచ్చుకుంటూ అన్నాడు పైడమ్మా! మెచ్చుకుంటూనే అన్నాడు. అంటే వాడికీ..." ఆవిడ పసుపు కళ్ళు మెరిశాయి. "వాడూ నాలాంటివాడే. ఆ అరుగు కింద వినబడిన మాటలే వాడికి తెలుసు. మిగతావి తెలిసినట్టు నోట్లో తిప్పుతాడు. ఎవరూ అడగరని ధైర్యం."

"అయితే ఆ అరుగు మీద వినబడని మాట కావాలి" అన్నాడు సింహాద్రి.

"నా మాట ఒకటుంది" అన్నాడు ఎర్రయ్య. అంతవరకూ వాడు వింటున్నాడని కూడా ఎవరూ అనుకోలేదు. "టీకాలు వేసేచోట బోర్డు పెట్టారు. 'శునకములకు మాత్రమే' అని. నన్ను లోపలికి లాక్కెళ్ళి చెవి వెనక సూది పొడిచారు. పక్కన పిల్లి ఉంటే దాన్ని ముట్టుకోలేదు. శునకం అంటే నేనే. బాగా గుర్తుంది, ఇప్పటికీ అక్కడ దురదే."

దొడ్డిలో మొదటిసారి కాస్త నవ్వు పుట్టింది. అప్పన్న గడ్డం నిమురుకున్నట్టు ఆడించి, ఆంజనేయస్వామి గుడి మైకులో విన్న మాట ఒకటి ఇచ్చాడు. వాలం. "వాలానికి నిప్పెట్టారని చెప్పినప్పుడల్లా నా తోక నేను చూసుకుంటాను" అన్నాడు. గోరింక ఆ మాటలన్నీ ఏరుకుని నక్క రాత కిందే బొగ్గుతో రాసింది. రాసేముందు ఒక్కొక్క మాటా అందరి చేతా చెప్పించింది. చివరన ఉన్న బుల్లి కోడిపిల్లకి కూడా తెలిసిందా లేదా అని రెండోసారి అడిగింది. ఆ బడిలో అలాంటి పాఠం అదే మొదలు.

పొద్దు కొబ్బరిచెట్ల కిందకి దిగింది. ఇంకా ఎర్రగానే ఉంది. తడిక అవతల మర్యాదైన దగ్గు.

"ఎవరికీ ఆక్షేపణ లేదు కదా?"

"లేదండి. మా తరఫున చిన్న ముక్క చేర్చాం. మీరు సరేనంటే మీ రాతా చెల్లుతాది, మాదీ చెల్లుతాది. మీరే చదవండి, మీ గొంతులో వినాలని ఉంది" అంది గోరింక.

నక్క మురిసిపోయింది. గొంతు సవరించుకుని, గుక్క తిప్పుకోకుండా చదివింది:

"సదరు స్వాధీనమునకు పూర్వము, రైటరు గారు తమ వాలమును ఈ దొడ్డి శునకమునకు హామీగా అప్పగించవలెను."

చదివాక ఒక్క క్షణం ఆగింది. చెవులు కొంచెం వెనక్కి వాలాయి. గోరింకకి ఆ క్షణం బాగా తెలుసు. కాలు ఇరుక్కున్న క్షణం. తను రోజూ దాటేసే క్షణం.

సింహాద్రి ముందు వరసలోంచి లేచాడు. "రైటరుగారూ, అందులో ఏ మాటైనా తెలీకపోతే అడగండి. మేం చెప్తాం. నిజంగానే చెప్తాం."

"ఎవరికి? నాకా?" నక్క పకపకా నవ్వింది. "నిన్న పుట్టిన దూడ నాకు మాటలు చెప్పడమా! దస్తావేజుల్లో పుట్టి దస్తావేజుల్లో పెరిగినవాణ్ణి. హామీయే కదా? వాలమే కదా? శునకమే కదా? అప్పగించాను. సమ్మతమే!"

"ఇంకోసారి ఆలోచించుకోండి" అంది గోరింక. మనస్ఫూర్తిగానే అంది.

"ఒకసారి సమ్మతమంటే సమ్మతమే!"

"విన్నావా ఎర్రయ్యా?" అన్నాడు అప్పన్న.

ఎర్రయ్య లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. తీరిగ్గా నడిచొచ్చి, హామీగా అప్పగించిన దాన్ని నోట్లోకి తీసుకున్నాడు. మొదలంటా.

"అయ్యో! అమ్మో! ఇదేమిటి! నా తోక! నా తోక వదలమనండి!"

"తోక కాదండి, వాలం" అన్నాడు నూకరాజు రెక్క కింద నుంచి బయటికొచ్చి. "ఆయన శునకం. మేం కుక్కుట సంతతి."

నక్క గింజుకుంది. గింజుకున్నకొద్దీ ఎర్రయ్య పళ్ళు బిగిశాయి. చివరికి కూలబడింది. రైటరుగిరీ అంతా దిగిపోయి, నేల మీద ఒక బక్కనక్క మిగిలింది.

"అడగమన్నాం కదండీ" అన్నాడు సింహాద్రి. వాడికి నిజంగానే జాలేసింది.

"ఎలా అడుగుతాను?" అంది నక్క, మొహం కాళ్ళ మధ్య దాచుకుని. "అడిగితే నాకు తెలీదని అందరికీ తెలిసిపోతుంది కదా!"

ఆ మాట గోరింకకి ముల్లులా దిగింది. ఇందాక తన నోట్లో ఉన్న మాట ఇప్పుడు నక్క నోట్లోంచి వచ్చింది, అంతే తేడా.

"వదిలెయ్ ఎర్రయ్యా" అంది.

"వదలకు!" అంది రవణమ్మ.

"వదులుదాం రవణమ్మా. కానీ ముందు ఆ రాత చెరపాలి. రాసినవాడే చెరపాలి."

రవణమ్మ పిల్లల్ని మళ్ళీ లెక్క చూసుకుంది. అందరూ ఉన్నారు. "సరే, తోకతోనే చెరపమను" అంది.

నక్క గోడకి వీపు పెట్టి, తోక అటూ ఇటూ ఊపి, తన రాతా, దాని కింద ముక్కా తానే తుడిచింది. తోక చివర నల్లగా మసిబారిపోయింది. ఎర్రయ్య తడిక దాకా సాగనంపాడు. పొద్దు గూకింది. కట్టుబాటు ఏదీ మిగల్లేదు, గోడ మీద మసి తప్ప.

మర్నాటి నుంచి బడి పద్ధతి మారిపోయింది. భోజనం గంట మోగాక గోరింక మెతుకులు ముక్కున కరుచుకుని మళ్ళీ స్కూలు కిటికీ దగ్గరికే పోతోంది, మధ్యాహ్నం చదువు నేర్చుకోవడానికి. సాయంత్రం దొడ్డిలో ఎవరు చదువుతున్నా, తెలియని మాట దగ్గర ఆగాల్సిందే. ఆగినవాడికి ముందు వరసలో చోటు. ఆ మాట ఎక్కడ చూశారో అందరూ చెప్పాలి, తర్వాత ఎవరికి వాళ్ళు ఆ మాటతో సొంతంగా ఒక ముక్క చెప్పాలి. "మా అమ్మకి కోపం వస్తే దుర్భరం" అని నూకరాజు చెప్పినప్పుడు రవణమ్మ వాడిని దొడ్డంతా తరిమింది.

వర్షాభావం దగ్గరికి కూడా మళ్ళీ వెళ్ళారు. వాన పడకపోవడం అని గోరింక కిటికీ దగ్గర విని వచ్చి చెప్పింది. "అదా! అందుకా ఎండిపోయింది!" అని సింహాద్రి గంతులేస్తే కుడితి తొట్టి బోర్లా పడింది.

అలా ఉండగా ఓ సాయంత్రం తడిక అవతల ఒక నీడ కూచుంది. దగ్గు లేదు. రైటరు అన్న మాట లేదు. తోక చివర మసి మాత్రం ఇంకా పోలేదు. రవణమ్మ చూసి పిల్లల్ని అటువైపుకి లాక్కుంది. ఎర్రయ్య లేచి, తడికకీ కోళ్ళకీ మధ్య వచ్చి పడుకున్నాడు. ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు.

గోరింక చాలాసేపు అటే చూసింది. తెలియని మాట దగ్గర ఆగినవాడు మోసపోడు, తెలిసినట్టు దాటేసినవాడే మోసపోతాడు. ఆ సంగతి తనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారంటే, ఆ తడిక అవతల కూచున్నవాడే.

ఆ రోజు అప్పన్న నమలకుండా దాచి తెచ్చిన పెళ్ళికార్డు ముక్క ఒకటుంది. గోరింక అందులోంచి ఒక మాట ఏరి, తడిక అవతలికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో గోడ మీద రాసింది.

"ఆహ్వానం."

పిల్లలు ఎవరికి వాళ్ళు గొణుక్కున్నారు. సింహాద్రి నోరు తెరవబోయాడు. అంతలో తడిక అవతల నుంచి, ఆ మాట ఎన్నడూ తన పేరు మీద విననివాడి గొంతు, చాలా చిన్నగా వచ్చింది.

"అంటే ఏటి పంతులమ్మా?"